ఉరికిన దరువు

దాదర్, బొంబాయి
18 ఫిబ్రవరి 1979

తమ్ముడు కొమురెల్లికి,

ఇక్కడ రైలు దిగి ఇరవై రోజులైంది. చెప్పదగ్గ మాట ఒకటి చేతికొచ్చాక రాద్దామని ఇన్నాళ్లూ ఆగాను. ఇవాళ వచ్చింది.

మన టేపును రికార్డుల కంపెనీవాళ్లు విన్నారు. పోయిన డిసెంబరులో కాజీపేట రైల్వే ఇన్‌స్టిట్యూట్ హాల్లో మనం వాయించినదంతా విన్నారు. హెన్రీ దొర ఎవరినో బతిమాలి తెప్పించిన మిషను మీద రికార్డయిన ఆ పెద్ద స్పూలును దారి పొడుగునా ఒళ్లోనే పెట్టుకుని వచ్చాను. మేనేజరు పెద్దాయన, మెత్తగా మాట్లాడే మనిషి. మొదటి పాట సగంలో కలం కింద పెట్టాడు. రెండోది అయ్యేసరికి పక్క గదిలోంచి ఇద్దరిని పిలిచి కూర్చోబెట్టాడు.

"ఎవరయ్యా మీరంతా?" అని అడిగాడు.

చెప్పాను. నేను వరంగల్ కొత్తవాడలో జంఖానాలు నేసే ఇంటివాణ్ననీ, పెళ్లి బ్యాండుమేళంలో ట్రంపెట్ నేర్చుకున్నాననీ చెప్పాను. పియానో వాయించిన హెన్రీ దొర రైల్వే గార్డనీ, పోయిన నెలే కుటుంబంతో ఆస్ట్రేలియాకు ఓడెక్కాడనీ చెప్పాను. బేస్ గిటారు వెంకట్రాజం నెక్కొండవాడు, ఇంజినీరింగు చదువుతున్నాడన్నాను. డ్రమ్ముల మీద ఉన్నది హసన్‌పర్తి కొమురెల్లి, వాళ్ల నాయన మొగిలయ్య డప్పు పడితే దారిన పోయే బండ్లు ఆగుతాయన్నాను.

"ఇది పూర్తిగా జాజ్ కాదు. ఫంక్ అందామంటే అదీ కాదు" అన్నాడాయన.

"జాజ్ హెన్రీ దొర నేర్పాడు. ఫంక్ ఆయన దగ్గరున్న రికార్డులు విని విని పట్టుకున్నాం. నడక మాత్రం మా ఊరిదే" అన్నాను.

మొదటి పాట మళ్లీ పెట్టించాడు. తర్వాత, స్టూడియోలో మళ్లీ వాయించడం ఎందుకు, జనం ముందు వాయించింది వాయించినట్టే వేద్దాం, చప్పట్లు కూడా ఉంచుదాం అన్నాడు. బ్యాండు పేరు అడిగితే లూప్‌లైన్ అని రాయించాను.

పగలు సినిమా ఆర్కెస్ట్రాలో వెనక వరసలో కూర్చుంటున్నాను. ఎనిమిది ట్రంపెట్లలో నాది ఎనిమిదోది. ఫరవాలేదు. నాయనకూ అమ్మకూ నా దండాలు చెప్పు.

నీ
కైలాసం

~

హసన్‌పర్తి
4 మార్చి 1979

కైలాసమన్నా,

నీ ఉత్తరం నేను ఒకసారి చదువుకుని, ఇంట్లో రెండుసార్లు పైకి చదివాను. అమ్మకు ఎనిమిదో ట్రంపెట్ సంగతే పట్టుకుంది. "అంతమంది ఊదంగ నడుమ వానిది ఇనబడుతదా?" అని బాధపడింది.

నాయన మాత్రం రికార్డు అంటే ఏమిటో విడమరిచి చెప్పమన్నాడు. మనం ఆ రోజు కొట్టింది నల్లటి పళ్లెం లాంటి దానిలో ఉంటుంది, ఎప్పుడు పెడితే అప్పుడు వినొచ్చు అని చెప్పాను. మంచం పట్టె మీద వేళ్లు ఆడిస్తూ అన్నాడు.

"సావుకు కొట్టిన, పెండ్లికి కొట్టిన, జాతరకు కొట్టిన. కొట్టుడు అయినంక సప్పుడు గాలిల కలువాలె. దాన్ని పట్టి డబ్బల పెట్టుడు ఏందిరా?"

"నువ్వు కొట్టింది ఎవ్వలు పట్టి పెట్టలే కద నాయిన. గందుకే నేను పెడ్తాన" అన్నాను.

అన్నా, నీకు తెలుసు. ఆయన నేను డ్రమ్ములు వాయిస్తుంటే ఎన్నడూ వచ్చి వినలేదు. రైల్వే దొరల హాల్లో తనకేం పని అనేవాడు. కానీ ఆ ఉత్తరం మడిచి తన తలరుమాలులో పెట్టుకున్నాడు. ఇప్పుడు అడ్రసు కోసం అడిగి తీసుకోవాల్సి వచ్చింది.

ఒక్క మాట కంపెనీవాళ్లకు చెప్పు. రెండో వైపు మొత్తం మన 'ఔటర్ సిగ్నల్' పాట ఒక్కటే వేయమను. పదకొండు నిమిషాలూ వేయాలి. మధ్యలో మీరంతా ఆగి నేనొక్కణ్నే వాయించింది ఉంది కదా, అది నాయన దరువు. ఆయనకు వాళ్ల నాయన ఇచ్చింది. మిగతావి ఉన్నా పోయినా నాకు బాధ లేదు. అది ఉండాలి.

నేను పనిచేసే జిన్నింగు మిల్లులో పత్తి సీజను ఇంకో నెలన్నర ఉంది. ఆదివారాలు కాజీపేట పోయి వాయిస్తున్నాను. నువ్వు లేక, దొర లేక హాలు పెద్దదైనట్టుంది.

తమ్ముడు
కొమురెల్లి

~

బొంబాయి
10 జూన్ 1979

కొమురెల్లీ,

ఏప్రిల్‌లో ఒకటి, మేలో ఒకటి రాశాను. జవాబు లేదు. అందలేదా, తీరిక లేదా?

ఈ ఉత్తరం చూడగానే బయలుదేరు. రెండో వైపు విషయంలో కంపెనీకి కాస్త పని ఉందట. స్టూడియోలో మూడు రోజులు. ఏం పని అని ఉత్తరంలో అడగొద్దు, వస్తే కూర్చుని మాట్లాడుకుందాం. వెంకట్రాజం సెలవులకు నెక్కొండ పోయి అటు నుంచి అటే వస్తున్నాడు. నువ్వు కూడా ఉంటే అందరికీ మంచిది. నా గదిలోనే ఉండొచ్చు. టికెట్టు కంపెనీ పంపుతుంది.

ఒకప్పుడు నిన్ను బతిమాలాల్సిన అవసరం ఉండేది కాదు. నేను ట్రంపెట్ పెట్టె భుజానేసుకుంటే నువ్వు సైకిలు బయట పెట్టేవాడివి.

తప్పకుండా రా.

కైలాసం

~

హసన్‌పర్తి
2 జూలై 1979

అన్నా,

నీ మూడు ఉత్తరాలూ అందాయి. రాయలేకపోయాను, ఏమీ అనుకోకు.

బొంబాయి రావడం ఇప్పుడు కుదరదు. నాయనకు దగ్గు ఎక్కువైంది. నాట్లు కూడా పడుతున్నాయి, మనుషులు దొరకడం లేదు. ఫొటోల కోసమో సంతకాల కోసమో అయితే నేను లేకుండానే కానివ్వండి. నేను చేయాల్సింది డిసెంబరులోనే చేశాను. అది మీ దగ్గరే ఉంది.

అంతా బాగున్నాం.

కొమురెల్లి

~

బొంబాయి
20 ఆగస్టు 1979

కొమురెల్లికి,

పని అయిపోయింది. వెంకట్రాజం వచ్చి వెళ్లాడు.

నాట్లకు మనుషులు దొరకలేదని రాశావు. నీకు పొలం ఎప్పటి నుంచి ఉందో నాకు తెలియదు. రావడం ఇష్టం లేకపోతే ఇష్టం లేదని రాయాల్సింది. నేను బొంబాయిలో ఉన్నానని నీకు కష్టంగా ఉందేమోనని కూడా అనుకున్నాను. అనుకున్నందుకు తర్వాత సిగ్గుపడ్డాను. కానీ అనుకున్న మాట నిజం.

రికార్డు సంక్రాంతి దాటాక రావచ్చు. వస్తే పంపుతాను.

కైలాసం

~

బొంబాయి
25 జనవరి 1980

తమ్ముడు కొమురెల్లికి,

రికార్డు వచ్చింది. వేరే పార్సిలులో పంపుతున్నాను. అట్ట మీద మన నలుగురి పేర్లూ ఉన్నాయి. నీ పేరులో అక్షరాలు తప్పు పోకుండా దగ్గరుండి రాయించాను. కింద 'కాజీపేటలో, జనం ముందు' అని ఉంది. ఇక్కడ రేడియోలో ఒకసారి వేశారు. ఒక ఇంగ్లీషు పత్రికలో రెండో వైపు గురించి నాలుగు వాక్యాలు మెచ్చుకుంటూ రాశారు.

విను. విన్నాక రాయి.

పోయిన ఉత్తరంలో నేను రాసిన మాటలు మనసులో పెట్టుకోకు.

కైలాసం

~

హసన్‌పర్తి
17 ఫిబ్రవరి 1980

కైలాసమన్నా,

పార్సిలు అందింది. హెన్రీ దొర తన రికార్డు ప్లేయరును ఇన్‌స్టిట్యూట్‌కే ఇచ్చిపోయాడు కదా. ఆదివారం పొద్దున అక్కడికే తీసుకుపోయాను. వాచ్‌మన్ నర్సయ్య హాలు తీశాడు. కుర్చీలన్నీ గోడవార ఒకదాని మీద ఒకటి పేర్చి ఉన్నాయి. మేమిద్దరం నేల మీద కూర్చున్నాం.

మొదటి వైపు పెట్టాను. మూడు పాటలు. మూడింటిలోనూ నేనే. కాలి కింది పెడలు కిర్రుమనడం కూడా వినపడింది. ఆ రోజు నూనె వేయమని హెన్రీ దొర రెండుసార్లు చెప్పాడు, నేను మరిచిపోయాను. "గిది నువ్వేనా?" అని నర్సయ్య అడిగితే "నేనే" అన్నాను. ఎన్నో నెలల తర్వాత నవ్వాను.

తిప్పి రెండో వైపు పెట్టాను.

అన్నా, అవి ఎవరి చేతులు?

నీ ట్రంపెట్ వచ్చిన తర్వాత నాలుగు దెబ్బలకే తెలిసిపోయింది. అయినా, టేపు మారిస్తే చప్పుడు ఇట్లా అవుతుందేమోనని నాకు నేనే చెప్పుకున్నాను. మీరంతా ఆగి డ్రమ్ములు ఒక్కటే మిగిలిన చోట ఇక చెప్పుకోవడానికి ఏమీ లేకపోయింది. నాయన దరువును ఎవరో టేపులో విని నేర్చుకున్నారు. బాగా నేర్చుకున్నారు, ఒక్క దెబ్బ అటూ ఇటూ పోలేదు. ఉతికి, గంజి పెట్టి, ఇస్త్రీ చేసిన చొక్కాలాగుంది. పాట అయిపోగానే చప్పట్లు. ఆ చప్పట్లు మాత్రం మన హాలువే. వెనక నుంచి ఒకాయన రెండుసార్లు ఈల వేసింది నాకు గుర్తుంది. ఆ మనుషులు నాకు కొట్టిన చప్పట్లను తీసి ఇంకొకరి చేతుల పక్కన పెట్టారు. అట్ట మీద మాత్రం నా పేరు.

నర్సయ్య మళ్లీ అడిగాడు, "గిది గూడ నువ్వే కదా?" అని. అవునన్నాను. ఇంతవరకు నేను ఆ మనిషికి అబద్ధం చెప్పలేదు.

నీ దగ్గర నేనూ ఒకటి దాచాను. ఇక దాచి లాభం లేదు.

పోయిన ఏప్రిల్ పదకొండున, సీజను ఇంకో వారం ఉందనగా, మిల్లులో పత్తి ఇరుక్కుంటే తీయబోయాను. ఎడమ చేతికి మూడు వేళ్లు పోయాయి. చిటికెనవేలూ బొటనవేలూ మిగిలాయి. వరంగల్ పెద్ద దవాఖానలో నలభై రెండు రోజులున్నాను. నీ రెండు ఉత్తరాలు అమ్మ అక్కడికే తెచ్చి దిండు కింద పెట్టింది. నీకు రాస్తే నువ్వు అన్నీ వదిలి వస్తావు, రికార్డు ఆగిపోతుంది. అందుకే ఎవరికీ చెప్పనివ్వలేదు. నాట్లని, పొలమని నోటికొచ్చింది రాశాను. నువ్వు పట్టేసుకున్నావు, కానీ తప్పు వైపు నుంచి పట్టుకున్నావు.

దవాఖానలో పడుకుని ఒకటే లెక్క వేసుకున్నాను. వేళ్లు పోతే పోయాయి, వాటితో ఒక్కసారి సరిగ్గా వాయించాను, అది టేపులో ఉంది, ఇంక దాన్ని ఏ మిషనూ తినడానికి వీల్లేదు అని.

నాయన దీపావళి దాటిన నాలుగో రోజున పోయాడు. చివరి నెలంతా "ఎప్పుడస్తాందిరా నీ డబ్బ?" అని అడిగేవాడు. రాకముందే పోయాడు. ఈ రికార్డు విన్నాక మొదటిసారి, అది మంచిదే అయిందనిపించింది.

వెంకట్రాజం బొంబాయి నుంచి వచ్చాక మా ఇంటి వైపు రాలేదు. ఎందుకో ఇప్పుడు తెలిసింది.

ఎవరి చేతులో రాయి. పేరు తెలుసుకోవాలని ఉంది.

కొమురెల్లి

~

బొంబాయి
1 మార్చి 1980

తమ్ముడూ,

నీ ఉత్తరం చదివి రెండు రోజులు ట్రంపెట్ పెట్టె తెరవలేదు. నీ చేతి సంగతి నాకెవరూ చెప్పలేదు. నాయన సంగతీ చెప్పలేదు. ఆయన చేత్తో నేను తిన్న అన్నం నాకు గుర్తుంది. జరిగింది జరిగినట్టు రాస్తాను.

కంపెనీవాళ్లు ఏప్రిల్‌లో రెండో వైపును జాగ్రత్తగా విన్నారు. ఎనిమిదో నిమిషం దగ్గర డ్రమ్ములు ఉరికాయి. నువ్వు నడక పెంచేశావు. నేను అందుకోలేకపోయాను, దొర పియానో తడబడింది. హాల్లో ఉన్నవాళ్లకు అది ఊపుగానే ఉంటుంది, రికార్డులో మాత్రం తప్పులా వినిపిస్తుంది అన్నారు. మళ్లీ వాయించాలన్నారు. నువ్వు వస్తే నీతోనే వాయించాలని నిన్ను పిలిచాను. తప్పు నీదని ఉత్తరంలో రాయడానికి మనసొప్పలేదు. నువ్వు రాలేదు. మేనేజరు ఇంకొకరిని పెట్టమన్నాడు. వెంకట్రాజమూ నేనూ, ఇక్కడి పియానో ఆయనా, గోవా నుంచి వచ్చిన డ్రమ్మరూ కలిసి వాయించాం. ఆయన పేరు అంతోనీ. మంచివాడు. నీ టేపు వింటూ, ఇతని దగ్గర నేను కూర్చుని నేర్చుకోవాలి అన్నాడు. ఆయన పేరు అట్ట మీద వేయకపోవడం ఆయనకూ అన్యాయమే.

నేను పొట్టకోసం ఊదేవాణ్ని. కంపెనీ మాట కాదనలేకపోయాను. క్షమించు.

కైలాసం

~

హసన్‌పర్తి
12 మార్చి 1980

కైలాసం గారికి,

మీ ఉత్తరం చేరింది. అంతోనీ గారి పేరు తెలిపినందుకు సంతోషం. వారిది మంచి చేయి.

నేను ఉరకలేదు. నా చేతులు నాకు తెలుసు.

ఇక రాయవద్దు.

కొమురెల్లి

~

బొంబాయి
6 అక్టోబరు 1984

కొమురెల్లీ,

నాలుగున్నరేళ్లు నువ్వు చెప్పినట్టే విన్నాను. ఈ ఒక్కటీ రాయనివ్వు.

కంపెనీ మూతపడుతోంది. గోడౌన్‌లో ఉన్న పాత స్పూళ్లను చెరిపి కొత్తవాటికి వాడుకునేందుకు ఎవరికో ఇచ్చేస్తున్నారని తెలిసి వెళ్లాను. మూడు రోజులు వెతికాను. అరలన్నీ ఎక్కి దిగాను. మనది ఒక భక్తిపాటల పెట్టెలో ఉంది, పైన చీటీ చిరిగిపోయి ఉంది. హెన్రీ దొర చేతిరాత చూసి గుర్తుపట్టాను. పెట్టి విన్నాను. పదకొండు నిమిషాలూ చెక్కుచెదరలేదు.

ఈ ఉత్తరంతో పాటు స్పూలు నీకు చేరుతుంది. వెంకట్రాజం ఇప్పుడు వరంగల్‌లోనే కరెంటు డిపార్టుమెంటులో ఇంజినీరు. పని మీద ఇక్కడికి వచ్చాడు, అతని చేతికిచ్చి పంపుతున్నాను. నీ ముందుకు రావడానికి అతనికి భయంగా ఉంది. అయినా వస్తానన్నాడు. స్పూలు నీది. నీ దగ్గరే ఉండాలి.

అప్పుడు రాసిన ఉత్తరంలో నేను సగమే రాశాను. మిగతా సగం ఇది.

ఎనిమిదో నిమిషం గురించి మేనేజరు అడిగిన మాట నిజం. కానీ ఆయన అడిగింది, "ఇది ఉంచుదామా, తీద్దామా? నాకైతే బాగానే ఉంది, బ్యాండు నీది, నువ్వే చెప్పు" అని. తీసేద్దామన్నది నేను. కంపెనీ మాట కాదనలేకపోయానని రాశాను. కంపెనీ అట్లాంటి మాట అనలేదు.

ఎందుకన్నానో చెప్పుకోవడానికి నాలుగేళ్లు పట్టింది. ఆ రోజు హాల్లో నువ్వు నడక పెంచినప్పుడు నా ఊపిరి అందలేదు. ట్రంపెట్ నోటి దగ్గర పెట్టుకుని ఊదలేక నిలబడ్డాను. అందరూ చూశారు. ఆ తర్వాత జనం లేచి నిలబడి కొట్టిన చప్పట్లు నీకు. బ్యాండు పెట్టింది నేను, పాట కట్టింది నేను, చప్పట్లు నీకు. ఇంటికి వస్తూ సైకిలు మీద నీతో నవ్వుతూనే మాట్లాడాను. లోపల మాత్రం అది ఉండిపోయింది. బొంబాయిలో మేనేజరు ఆ ప్రశ్న అడిగినప్పుడు ఆ ఉండిపోయిందే జవాబు చెప్పింది. నీ చెయ్యి పోయిందని అప్పుడు తెలిసి ఉంటే చెప్పేవాణ్ని కాదు అని రాయాలని ఉంది. తెలియదు. అది కూడా నిజమో కాదో నాకు తెలియదు.

ఇక్కడ ట్రంపెట్లు తగ్గిపోయాయి. మీటలున్న ఒక్క మిషను ఎనిమిది మందిమి ఊదేది ఊదేస్తోంది. వచ్చే నెల హైదరాబాదు వచ్చేస్తున్నాను. నువ్వు స్పూలు ఇస్తే, అక్కడ ఒక క్యాసెట్ల కంపెనీవాళ్లు అసలు టేపునే క్యాసెట్టుగా వేస్తామంటున్నారు. జరిగింది వాళ్లకు దాచకుండా చెప్పాను. రెండో వైపు నువ్వు వాయించిందే ఉంటుంది. ఎనిమిదో నిమిషం దగ్గర మాత్రం ఉరుకు అలాగే ఉంది, ఆ ఒక్క నిమిషం కోసి అతికితే తెలియదంటున్నారు.

ఈసారి నిన్ను అడగకుండా కత్తెర ముట్టను. వేయొద్దంటే వేయను. జవాబు రాయకపోయినా వేయను.

కైలాసం

~

హసన్‌పర్తి
11 నవంబరు 1984

అన్నా,

వెంకట్రాజం నెల రోజులు తటపటాయించి పోయిన ఆదివారం వచ్చాడు. గుమ్మం దగ్గర చెప్పులు విడిచి అక్కడే నిలబడిపోయాడు. అమ్మ చూసి, "లోపటికి రా బిడ్డా, గాడ నిలవడ్డవేంది?" అంది. అప్పటికి గానీ లోపలికి రాలేదు. స్పూలు నా చేతిలో పెట్టి నా ఎడమ చేతి వైపు చూడకుండా ఉండాలని చాలా కష్టపడ్డాడు. చివరికి నేనే చేయి చాపి చూపించాను. చూశాక అతనికీ తేలికైంది, నాకూ తేలికైంది.

నీ ఉత్తరం అతను ఉండగానే చదివాను. రెండో సగం చదివాక కోపం వచ్చింది. లేచి ఊరి చివరి దాకా నడిచి వచ్చాను. మొదట నువ్వు కంపెనీ పేరు చెప్పినప్పుడు నాకు నువ్వు తెలియని మనిషివి అయ్యావు. ఇప్పుడు రాసిన మనిషి నాకు తెలిసినవాడు. కోపం ఉంది, కానీ అది తెలిసిన మనిషి మీది కోపం.

వెంకట్రాజం కాలేజీలో అడిగి స్పూలు మిషను తెచ్చాడు. సాయంత్రం మా ఇంట్లోనే పెట్టాం. అమ్మ వాకిట్లో బియ్యం చెరుగుతోంది.

అన్నా, నువ్వు చెప్పింది నిజం. నేను ఉరికాను. ఉరకలేదని కార్డు మీద రాశాను కదా, అది ఉత్త మొండితనం కాదు, ఇన్నేళ్లూ నేను అట్లాగే నమ్మాను. ఎనిమిదో నిమిషం వచ్చింది. చెవులు నావే, చేతులు నావే. ఒక్కసారిగా నడక పెరిగింది. నీ ట్రంపెట్ ఆగిపోవడం కూడా విన్నాను. ఆ రోజు అది నా చెవిన పడనే లేదు. నీకు ఊపిరి అందలేదని ఇప్పుడే తెలిసింది. నిన్ను అట్లా నలుగురిలో నిలబెట్టేసినందుకు నువ్వు నన్ను క్షమించాలి.

ఎందుకు ఉరికానో విను. ఇది ఎవరికీ చెప్పలేదు.

మీరంతా ఆగి నన్ను ఒంటరిగా వదిలినప్పుడు తల ఎత్తాను. నా కుడి పక్కన ఉన్న తలుపు తీసి ఉంది. అవతల వరండాలో నాయన నిలబడి ఉన్నాడు. తలకు రుమాలు, చంకలో దుప్పటి. ఎట్లా వచ్చాడో, ఎవరి బండి ఎక్కాడో తెలియదు. లోపలికి రమ్మని తల ఊపాను. రానని తల ఊపాడు. నేను అప్పటికే ఆయన దరువు మొదలుపెట్టాను. హెన్రీ దొర నేర్పినట్టు తూచి తూచి కొడుతున్నాను. నాయన కాసేపు విన్నాడు. తర్వాత తలుపు రెక్క మీద వేళ్లు పెట్టి తన నడక కొట్టడం మొదలుపెట్టాడు. జాతరలో దేవర గద్దెనెక్కే ముందు కొట్టే నడక అది, మనం అనుకున్నదానికంటే చాలా జోరు. ఆ చప్పుడు నా దాకా రాలేదు, వేళ్లు మాత్రం కనిపించాయి. నేను ఆ వేళ్ల వెంట పోయాను. మీరు మళ్లీ అందుకున్నారని తెలుసు, నేను వెనక్కి రావాలని తెలియలేదు.

చప్పట్లు మొదలయ్యేసరికి ఆయన లేడు. ఇంటికి వచ్చాక అడిగాను. "నేను అచ్చిన్నని ఎవ్వలకు చెప్పకురా" అన్నాడు. ఎందుకని అడిగితే, "లోపటికెందుకు రాలేదని అడుగుతరు. ఏం చెప్పాలె?" అన్నాడు. చెప్పనని మాట ఇచ్చాను. ఆయన ఎన్నడూ వచ్చి వినలేదని నీకు రాసింది అందుకే. ఆయన పోయాక కూడా ఆ మాట నిలబెట్టాను. ఇప్పుడు నీకు చెబుతున్నాను, ఎందుకంటే ఆ నిమిషం కోయాలా వద్దా అని అడిగింది నువ్వే.

నా సంగతులు. మిల్లు మానేసి చాలా కాలమైంది. ఊళ్లో ఐదుగురు డప్పు నేర్చుకోవడానికి వస్తున్నారు. కుడిచేత్తో కొట్టి చూపిస్తాను, ఎడమచేతిది నోటితో చెబుతాను. నోటితో చెబితేనే బాగా ఎక్కుతోందని వాళ్లంటున్నారు. హైదరాబాదు వచ్చాక ఒకసారి ఇటు రా. ట్రంపెట్ తీసుకురా. అంతోనీ గారి అడ్రసు ఉంటే ఆయనకు కూడా ఒక క్యాసెట్టు పంపు.

క్యాసెట్టు వేయండి. ఉన్నది ఉన్నట్టే వేయండి. డ్రమ్మరు ఉరికాడని విన్నవాళ్లు అంటారు. అననీ.

ఇంకొక్కటి రాసి ఆపేస్తాను. టేపు ఎనిమిదో నిమిషానికి వచ్చినప్పుడు నేను వెంకట్రాజానికి గానీ అమ్మకు గానీ ఏమీ చెప్పలేదు. వాకిట్లో చేట ఆగింది. అమ్మ లేచి వచ్చి గుమ్మంలో నిలబడింది. మిషను వైపు చూస్తూ కాసేపు విన్నది.

"గీడ మీ నాయిన కొడ్తాండు కదరా" అంది.

తమ్ముడు
కొమురెల్లి